వర్చువల్ మెషీన్‌లో బగ్ సరిచేసేటప్పుడు చేయవలసినవి – చేయకూడనివి

పల్నాడు నుంచి డిగ్రీ పట్టాతో హైదరాబాదు అమీర్‌పేటకు వెళ్లి, కోర్ జావా నేర్చుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఎందరో ఉన్నారు. జావాలో ప్రోగ్రాము ఎలా రాయాలో వాళ్లకు నేర్పారు. ఆ ప్రోగ్రామును నడిపించే యంత్రాంగాన్ని విప్పి చూడమని చెప్పినవాళ్లు మాత్రం తక్కువ. ఇవాళ ఆ పనికి దిగాలనుకునే విద్యార్థికి అడ్డేమీ లేదు. పైథాన్‌ను నడిపించే సీపైథాన్ సోర్సు మొదటినుంచీ అందరికీ తెరిచే ఉంది. జావా సోర్సును ఓపెన్ సోర్స్‌గా విడుదల చేస్తామని సన్ కంపెనీ 2006 నవంబరులో ప్రకటించింది. తెలుగువాడు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈవో అయిన 2014లోనే, నవంబరు 12న, డాట్‌నెట్ కోర్‌ను ఓపెన్ సోర్స్ చేస్తున్నట్టు ఆ కంపెనీ చెప్పింది. నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో ఇంట్లో కూర్చుని ఈ మూడింటిలో దేన్నయినా బిల్డ్ చేసుకోవచ్చు. తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు.

దిద్ది పంపేవాళ్ల కోసమే ఈ జాగ్రత్తలు. మనం రాసిన పైథాన్ ప్రోగ్రాము ముందు బైట్‌కోడ్‌గా మారుతుంది. ఆ బైట్‌కోడ్‌ను ఒక్కొక్క సూచనగా చదివి అమలు చేసేదే వర్చువల్ మెషీన్. మెమరీ ఇచ్చేది, వాడకం అయిపోయాక తిరిగి తీసుకునేది, చాలా యంత్రాల్లో పదేపదే నడిచే భాగాన్ని ప్రాసెసర్ భాషలోకి మార్చేది కూడా అదే. మన ప్రోగ్రాములో తప్పుంటే మన ప్రోగ్రాము ఒక్కటే చెడుతుంది. కింద ఉన్న యంత్రంలో తప్పుంటే దాని మీద నడిచే ప్రతి ప్రోగ్రామూ చెడుతుంది. పిడుగురాళ్ల దగ్గర ఒక రైతు ఆండ్రాయిడ్ ఫోనులో గుంటూరు యార్డు మిర్చి ధర చూసుకుంటుంటే, ఆ యాప్‌ను నడిపేది ఏఆర్‌టీ అనే రన్‌టైమ్. అదే ధరను క్రోమ్ బ్రౌజర్‌లో చూస్తే పేజీలోని జావాస్క్రిప్టును నడిపేది వీ8. ఆ పేర్లు అతనికి తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. అంకె తప్పుగా కనిపిస్తే అతను యాప్‌ను అనుమానిస్తాడు, యాప్ రాసినవాడు తన కోడునే అనుమానిస్తాడు. యంత్రాన్ని అనుమానించే మనిషి చిట్టచివర వస్తాడు. ఇక్కడ చేసే మరమ్మతుకు మామూలు కంటే ఎక్కువ జాగ్రత్త కావాలనడం అందుకే.

మొదలుపెట్టే ముందు

మీరు బిల్డ్ చేసిన పైథాన్‌ను సిస్టమ్ పైథాన్ మీద ఎక్కించకండి. ఉబుంటులో, ఫెడోరాలో ఎన్నో పనిముట్లు ఆ సిస్టమ్ పైథాన్ మీదే ఆధారపడి నడుస్తాయి. సగం మరమ్మతులో ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ను తెచ్చి దాని స్థానంలో పెడితే రేపు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా నడవకపోవచ్చు. బిల్డ్ చేసిన ఫోల్డరులోంచే నడపండి. ఇన్‌స్టాల్ చేయక తప్పనప్పుడు, పాతదాన్ని ముట్టుకోకుండా పక్కన వేరే పేరుతో పెట్టే ఆల్ట్‌ఇన్‌స్టాల్ అనే పద్ధతి పైథాన్ మేక్‌ఫైల్‌లోనే ఉంది. కాలేజీ ల్యాబు కంప్యూటరు మీద ఈ ప్రయోగాలు అసలు వద్దు. మీ తరువాత బ్యాచి వచ్చి అదే సిస్టమ్ మీద పరీక్ష రాయాలి.

డీబగ్ బిల్డ్ మీదే పనిచేయండి. సీపైథాన్‌ను పైడీబగ్ ఎంపికతో కాన్ఫిగర్ చేస్తే లోపలి అసర్షన్లు అన్నీ మేలుకుంటాయి, మొత్తం రిఫరెన్సుల లెక్క కనిపిస్తుంది, విడిచిపెట్టిన మెమరీని గుర్తుపట్టేలా ప్రత్యేకమైన విలువలతో నింపుతుంది. అడ్రస్ శానిటైజర్ కూడా కలుపుకుంటే విడిచిపెట్టిన మెమరీని ఎవరు ముట్టుకున్నారో వరుస సంఖ్యతో సహా చెబుతుంది. వేగం బాగా తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఇక ఎండ సంగతి. రెంటచింతల వేడి రాష్ట్రమంతటికీ తెలిసిందే. మే నెలలో రాత్రంతా ఫజింగ్ (అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లు ఇచ్చి పరీక్షించడం) పెట్టి, ల్యాప్‌టాప్‌ను పరుపు మీద వదిలి పడుకోకండి. గాలి ఆడే గట్టి బల్ల మీద పెట్టండి, ఒకేసారి నడిచే టెస్టుల సంఖ్య తగ్గించండి. కరెంటు పోయి వచ్చే చోట యూపీఎస్ లేకుండా పెద్ద బిల్డు పెట్టకండి. సగంలో ఆగిన బిల్డులో పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు, కొత్తవి కలిసిపోతాయి. అలాంటి బిల్డులో కనిపించే క్రాష్‌కు సోర్సులో కారణం ఉండదు. అనుమానం వస్తే అంతా శుభ్రంగా తుడిచేసి మళ్లీ కట్టండి. క్రాష్ మీ మెషీన్‌లో మాత్రమే, అదీ ప్రతిసారీ వేరే చోట వస్తుంటే, బగ్ రిపోర్టు రాసే ముందు ర్యామ్ పరీక్షించుకోండి. మెమరీ చిప్‌లో ఒక్క బిట్ తారుమారైనా ఆ లక్షణాలన్నీ వర్చువల్ మెషీన్ బగ్‌లాగే ఉంటాయి. మీ స్నేహితుడి మెషీన్‌లో కూడా వచ్చాకే అది బగ్ అని నమ్మండి.

కూలిన చోటు వేరు, తప్పు జరిగిన చోటు వేరు

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇదే, అందుకని ఇక్కడ కాసేపు ఆగుతాను.

సీపైథాన్‌లో ప్రతి వస్తువుకూ ఒక లెక్క ఉంటుంది. దాన్ని ఎంతమంది పట్టుకున్నారో ఆ లెక్క చెబుతుంది. సున్నాకు చేరగానే ఆ మెమరీ వెనక్కి పోతుంది. ఇప్పుడు సీ భాషలో రాసిన ఒక ఫంక్షన్ ఒక లిస్టులోంచి మూడో వస్తువును తీసుకుందనుకోండి. దాన్ని అరువుగా తీసుకుంది, లెక్క పెంచలేదు. తరువాత ఆ వస్తువును మరోదానితో సమానమా కాదా అని పోల్చింది. చూడటానికి ఇందులో ప్రమాదం ఏమీ లేదు. కానీ పోల్చడమంటే వాడుకరి రాసిన పైథాన్ ఫంక్షన్‌ను పిలవడం. ఆ ఫంక్షన్ లోపల వాడుకరి అదే లిస్టును ఖాళీ చేయవచ్చు. చేస్తే ఆ వస్తువు లెక్క సున్నా అవుతుంది, మెమరీ పోతుంది. మన ఫంక్షన్ చేతిలో మాత్రం ఆ పాత చిరునామా అలాగే ఉంటుంది. అప్పటికప్పుడు కూలితే అదృష్టం. తరచుగా కూలదు. ఆ జాగాలో ఇంకో వస్తువు వచ్చి కూర్చుంటుంది, ఎన్నో ఫంక్షన్లు నడిచాక, ఈ లిస్టుతో ఏ సంబంధమూ లేని చోట ప్రోగ్రాము పడిపోతుంది.

వస్తువులను ఒక చోటునుంచి మరో చోటుకు జరిపే గార్బేజ్ కలెక్టర్ ఉన్న యంత్రాల్లో ఇది ఇంకా జటిలం. జావా హాట్‌స్పాట్ అలాంటిదే, రాకు భాషను నడిపే మోర్‌వీఎం కూడా అలాంటిదే. సీ కోడులో ఒక లోకల్ పాయింటర్ పట్టుకుని ఉండగా మధ్యలో ఎక్కడో కొత్త వస్తువు కోసం మెమరీ అడిగితే, ఆ అడగడమే కలెక్టర్‌ను నిద్రలేపవచ్చు. అది వచ్చి మీ వస్తువును కొత్త చోటుకు తరలిస్తుంది. మీ పాయింటర్ గురించి దానికి ముందే చెప్పి ఉంచితే దాన్ని కూడా సవరిస్తుంది, చెప్పకపోతే సవరించదు. మోర్‌వీఎంలో అలా చెప్పి ఉంచడానికి ఎంవీఎంరూట్ అనే మ్యాక్రో ఉంది, హాట్‌స్పాట్‌లో హ్యాండిల్స్ ఉన్నాయి. ఒక్కచోట మరిచిపోతే చాలు. కలెక్టర్ సరిగ్గా ఆ క్షణాన నడిచినప్పుడే బగ్ బయటపడుతుంది, మిగతా రోజులన్నీ అన్ని టెస్టులూ పాసవుతాయి.

చేయవలసినది: దాన్ని బలవంతంగా బయటికి రప్పించండి. రూబీలో జీసీ స్ట్రెస్ ఆన్ చేస్తే కుదిరిన ప్రతిచోటా కలెక్టర్ నడుస్తుంది. మోర్‌వీఎంలో కొత్త వస్తువులు పుట్టే నర్సరీ పరిమాణాన్ని బాగా తగ్గించి కడితే కలెక్టర్ మాటిమాటికీ వస్తుంది. పదివేల పరుగుల్లో ఒకసారి పడేది అప్పుడు మొదటి పరుగులోనే పడుతుంది. లైనక్స్ మీద ఆర్‌ఆర్ అనే డీబగ్గరు ఉంటే మరీ మంచిది. మొజిల్లాలో పుట్టిన ఆ పనిముట్టు ఒక పరుగును పూర్తిగా రికార్డు చేసి, మీరు కోరినన్నిసార్లు అచ్చం అలాగే నడిపిస్తుంది, వెనక్కి కూడా నడిపిస్తుంది. కూలిన చోట నిలబడి, ఈ చిరునామాలో చివరిసారి రాసింది ఎవరని వెనక్కి నడుచుకుంటూ పోతే అసలు దోషి దొరుకుతుంది. ఏ మార్పుతో బగ్ వచ్చిందో తెలియకపోతే గిట్ బైసెక్ట్ వాడండి. వెయ్యి కమిట్‌లు ఉన్నా పది అడుగుల్లో తేలుతుంది.

చేయకూడనిది: కూలిన వరుసలో ఒక నల్ చెక్ పెట్టి ప్యాచ్ పంపడం. క్రాష్ ఆగుతుంది, టెస్టు పచ్చరంగులోకి మారుతుంది, మెమరీ మాత్రం అంతకుముందులాగే చెడుతూనే ఉంటుంది. సాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పైన కాలువకు గండి పడినప్పుడు మన చేను గట్టు మీద నాలుగు తట్టల మట్టి వేసుకుంటే ఆ పూటకు మన చేను మునగదు, కానీ గండి అలాగే ఉంటుంది, చివరి భూములకు నీళ్లు అందవు.

లక్షణానికి మందు వేస్తే ఏమవుతుందో చెప్పే నిజమైన ఉదాహరణ ఒకటుంది. టిమ్ పీటర్స్ 2002లో పైథాన్ కోసం టిమ్‌సార్ట్ అనే క్రమబద్ధీకరణ పద్ధతి రాశాడు. జావా 7 నుంచి వస్తువుల సార్టింగుకు అదే పద్ధతిని తీసుకున్నారు. ఆ పద్ధతిలో ఇంకా కలపాల్సిన ముక్కల పొడవులను ఒక చిన్న అరేలో దాచుకుంటారు. ఆ పొడవుల మధ్య ఒక నియమం ఎప్పుడూ నిలుస్తుందన్న నమ్మకంతో ఆ అరే సైజు లెక్కగట్టారు. 2013లో జావాలో ఆ అరే సరిపోక ప్రోగ్రాము పడిపోయిందని రిపోర్టు వస్తే అరేను కొంచెం పెంచి ఊరుకున్నారు. 2015 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్, జర్మనీ పరిశోధకులు కీ అనే ధ్రువీకరణ పనిముట్టుతో ఆ కోడు సరైనదని గణితపరంగా నిరూపించబోయారు. నిరూపణ కుదరలేదు, ఎందుకంటే కోడులోనే తప్పుంది. ఆ నియమం నిలవని సందర్భాలున్నాయి. సుమారు 6.7 కోట్ల అంశాలున్న అరేతో జావాను పడగొట్టి చూపించారు. నియమాన్ని సరిగా పరీక్షించే కొద్దిపాటి మార్పునూ సూచించారు. పైథాన్ వాళ్లు ఆ మార్పును తీసుకున్నారు. జావా వాళ్లు మళ్లీ అరేనే 40 నుంచి 49కి పెంచారు. 2018లో ఫ్రాన్సు పరిశోధకులు ఆ పెంచినది కూడా చాలదని చూపించారు. అప్పుడు గానీ జావాలో మూలం సరికాలేదు. ఇది భాషతో వచ్చే లైబ్రరీ కోడే, బైట్‌కోడ్ నడిపే భాగం కాదు. అయినా పాఠం మనకే ఎక్కువ వర్తిస్తుంది. గొప్ప ఇంజనీర్లే అటు పోయినప్పుడు మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

కమిట్ మెసేజీలో కారణం రెండు వాక్యాల్లో రాయలేకపోతే ప్యాచ్ పంపకండి. ఎందుకు పడిందో తెలియకుండా పడకుండా చేశామంటే, పడే చోటును మార్చామనే అర్థం.

కూలని బగ్‌కు ఎక్కువ భయపడండి

జావా 7 విడుదలైంది 2011 జులై 28న. అదే రోజున, వెతుకులాట పనిముట్లైన లూసీన్, సోలర్ తయారుచేసే అపాచీ లూసీన్ ప్రాజెక్టు వాళ్లు తమ వాడుకరులకు హెచ్చరిక పంపారు. కొత్త హాట్‌స్పాట్ కంపైలర్ కొన్ని లూపులను తప్పుగా తర్జుమా చేస్తోందని, సోలర్ క్రాష్ కావచ్చని, లూసీన్ ఇండెక్సులు చెడిపోవచ్చని చెప్పారు. విడుదలకు అయిదు రోజుల ముందే ఆ బగ్‌లు ఒరాకిల్‌కు చేరాయి, కానీ విడుదల ఆగలేదు. క్రాష్ అయితే వెంటనే తెలుస్తుంది. ఇండెక్స్ చెడితే ఎవరో ఎప్పుడో వెతికి, దొరకాల్సింది దొరకనప్పుడు తెలుస్తుంది, అప్పటికి బ్యాకప్‌లోనూ చెడిన ఇండెక్సే ఉంటుంది.

పదేపదే నడిచే భాగాన్ని ప్రాసెసర్ భాషలోకి మార్చే జిట్ కంపైలర్ మీద అనుమానం వస్తే ముందు దాన్ని పక్కకు తప్పించి చూడండి. జావాకు కేవలం ఇంటర్‌ప్రెటర్‌తోనే నడిపే ఎంపిక ఉంది. అలా నడిపితే జవాబు సరిగ్గా వచ్చి, మామూలుగా నడిపితే తప్పుగా వస్తుంటే చూపు కంపైలర్ వైపు తిప్పవచ్చు. రెండింటిలోనూ తప్పే వస్తే అక్కడ వెతకడం వృథా. కంపైలర్ భాగంలో మీరు ఏది మార్చినా జవాబు రెండు విధాలుగానూ ఒకటేనని పోల్చే టెస్టు తప్పకుండా పెట్టండి. పడలేదని మాత్రమే చూసే టెస్టు ఇక్కడ చాలదు. టెస్టులో లూపు వేల సార్లు తిరగాలి, లేకపోతే కంపైలర్ రంగంలోకే రాదు.

ఇంటర్‌ప్రెటర్‌ను వేగవంతం చేయాలన్న సరదాతో బగ్ సరిచేసే ప్యాచ్‌లోనే ఆప్టిమైజేషన్ కలపకండి. ఇంకో జాగ్రత్త: పైథాన్ 3.13తో, అంటే 2024 అక్టోబరు నుంచి, ఒకసారికి ఒకే థ్రెడ్డు నడిచేలా చూసే గ్లోబల్ లాక్ లేని బిల్డ్ ప్రయోగాత్మకంగా వచ్చింది. ఆ లాక్ ఉంటుందన్న భరోసాతో రాసిన పాత సీ కోడు అక్కడ కొత్తగా తప్పుగా నడవవచ్చు. మీ మార్పును ఆ బిల్డులో కూడా నడిపి చూడండి.

గుట్టుగా ఉంచాల్సినవి

మీకు దొరికిన బగ్ వల్ల బయటివాడు మెమరీ చదవగలడా, రాయగలడా, సర్వరును నిలిపేయగలడా అని ముందు ఆలోచించండి. ఏ ఒక్కటి అవునన్నా పబ్లిక్ ఇష్యూ తెరవకండి. వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి. పైథాన్‌కు, ఓపెన్‌జేడీకేకు, క్రోమ్‌కు భద్రతా లోపాలు రహస్యంగా చెప్పే వేరే దారి ఉంది, ఆయా ప్రాజెక్టుల సెక్యూరిటీ పేజీలో రాసి ఉంటుంది. క్రోమ్ బృందం ఎక్కువమందికి అప్‌డేట్ చేరేదాకా బగ్ వివరాలను మూసే ఉంచుతుంది. 2023 ఏప్రిల్‌లో వీ8లో దొరికిన టైప్ కన్ఫ్యూజన్ లోపాన్ని, సీవీఈ-2023-2033ను, దుర్మార్గులు అప్పటికే వాడుకుంటున్నారు. అలాంటి లోపంపై మన ఉత్సాహం ఒక్కరోజు ముందు బయటపడినా నష్టపోయేది ఫోను అప్‌డేట్ చేసుకోని మామూలు జనం.

చిన్నదిగా కనిపించేది చిన్నది కాకపోవచ్చు. 2.2250738585072011ను పది మైనస్ 308వ ఘాతంతో గుణిస్తే వచ్చే అతి చిన్న సంఖ్యను అక్షరాల రూపంలో ఇస్తే, 2011 జనవరిలో కొన్ని 32 బిట్ మెషీన్ల మీద పీహెచ్‌పీ అంతులేని లూపులో చిక్కుకుంది. కొద్ది వారాల్లోనే, చివరి అంకె మాత్రమే వేరైన 2.2250738585072012తో మొదలయ్యే అలాంటి సంఖ్యకే జావా కూడా చిక్కింది. వెబ్ రిక్వెస్టులో ఆ అంకెలు పంపితే చాలు, సర్వరులో ఒక థ్రెడ్డు అక్కడే తిరుగుతూ ఉండిపోయేది. అక్షరాలను సంఖ్యగా మార్చే ఒక ఫంక్షన్‌లో ఆగాల్సిన లూపు ఆగలేదు, జరిగిందల్లా అంతే. ఒరాకిల్ ఫిబ్రవరి 8న అత్యవసరంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

లోపం నిజమో కాదో చూడటానికి ఇతరుల సర్వరు మీద ప్రయోగించకండి. అది కాలేజీ పోర్టల్ అయినా, ప్రభుత్వ వెబ్‌సైటు అయినా, అనుమతి లేకుండా చేస్తే 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద పరిహారం కట్టాల్సి రావచ్చు, దురుద్దేశంతోనో మోసంతోనో చేస్తే 66వ సెక్షన్ కింద నేరం. మీ ల్యాప్‌టాప్‌లో అదే వెర్షన్ పెట్టుకుని చూసుకోండి. మన దేశంలోని సంస్థ సాఫ్ట్‌వేర్‌లో లోపం కనిపించి, ఎవరికి చెప్పాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ సెర్ట్-ఇన్ ఉంది.

కోర్ డంప్ ఫైళ్లను యథాతథంగా ఎక్కడా అప్‌లోడ్ చేయకండి. ప్రోగ్రాము కూలిన క్షణాన మెమరీలో ఉన్నదంతా అందులో ఉంటుంది. పాస్‌వర్డులు, టోకెన్లు, ఎవరివో ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, ఏవైనా ఉండవచ్చు. జావా రాసే హెచ్‌ఎస్ ఎర్ర్ లాగ్‌లో కూడా యూజర్ పేరు, ఫోల్డరు దారులు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కొన్ని కనిపిస్తాయి. చదివి, తుడిచి, అవసరమైన భాగం మాత్రమే అంటించండి. అంతకంటే మంచిది, బగ్‌ను పది వరుసల ప్రోగ్రాముకు కుదించి ఆ పది వరుసలే పంపడం. ఎవరి డేటా కూడా అందులో ఉండదు, చూసేవాడికీ పని తేలిక.

మీ గిట్‌హబ్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఇతరుల పేరుతో మార్పులు చొప్పించేవాళ్లున్నారు. 2021 మార్చి 28న పీహెచ్‌పీ సోర్సులోకి దాని డెవలపర్లు రస్మస్ లెర్డార్ఫ్, నికితా పోపోవ్ పేర్లతో రెండు దొంగ కమిట్‌లు చేరాయి. అక్షరదోషం సరిచేస్తున్నట్టు మెసేజీ పెట్టి లోపల దొంగ ద్వారం పెట్టారు. కొద్ది గంటల్లోనే తోటివాళ్లు చదివి పట్టుకున్నారు. మరమ్మతు అనే పేరుతో వచ్చిన ప్రతి మార్పూ మరమ్మతు కాదని మెయింటెయినర్లకు తెలుసు. వాళ్లు మీ ప్యాచ్ గురించి పదిసార్లు అడిగితే మనసు కష్టపెట్టుకోకండి.

పంపేటప్పుడు

ముందు పడే టెస్టు రాయండి, తరువాత దిద్దండి, అదే టెస్టు ఇప్పుడు పాసవడం చూపించండి. దిద్దుబాటు తీసేస్తే టెస్టు మళ్లీ పడుతోందా అన్నది కూడా చూడండి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. సీపైథాన్‌లో అయితే రిఫరెన్స్ లీక్ పరీక్ష కూడా నడపండి. ఎక్కువసార్లు విడిచిపెట్టడాన్ని సరిచేస్తూ ఎప్పటికీ విడిచిపెట్టకుండా చేయడం తరచూ జరిగేదే. రెండూ తప్పే, అయితే రెండోది నెమ్మదిగా నెలల తరబడి సర్వరును తినేస్తుంది.

ఒక ప్యాచ్‌లో ఒకే బగ్. దారిలో కనిపించిన ఖాళీలు, ఇండెంటేషన్లు దిద్దకండి.

కంట్రిబ్యూటర్ ఒప్పందం మీద ముందే సంతకం చేయండి. ఓపెన్‌జేడీకేకు ఒరాకిల్ ఒప్పందం కావాలి, పైథాన్‌కు దాని సొంతది ఉంది. ఉద్యోగంలో ఉంటే మీ కంపెనీ అనుమతి సంగతి కూడా చూసుకోండి.

ఏఐ చెప్పిన కారణాన్ని మీరు డీబగ్గరులో చూడకుండా రిపోర్టుగా పంపకండి. నమ్మకంగా రాసిన తప్పుడు రిపోర్టును కొట్టిపారేయడానికి మెయింటెయినరుకు సగం రోజు పడుతుంది. ఆ సగం రోజు నిజమైన బగ్‌కు దక్కాల్సింది. పనికిరానివి పంపడం ఏఐతోనే మొదలు కాలేదు. 2020 అక్టోబరులో, ప్రాజెక్టులకు పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో ఆ టీషర్టు కోసం పనికిరాని పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తి, నిర్వాహకులు మధ్యలోనే నిబంధనలు మార్చాల్సి వచ్చింది. కొత్తవాళ్ల మీద అప్పుడు కలిగిన అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు. రెజ్యూమేలో ఒక వరుస కోసం ఈ పని చేయవద్దని తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ గట్టిగానే చెబుతున్నాను. ఒక్క నిజమైన బగ్‌ను రెండు నెలలు పట్టుకుని సరిచేసినవాళ్లకు ఆ వరుస దానంతట అదే వస్తుంది.

తెలుగు అక్షరంతో పరీక్షించండి

ఇది మనం మాత్రమే చేయగల పని.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరానికి కూలిపోయాయి. జ్ఞ తరువాత కంటికి కనిపించని ఒక జోడింపు నిరోధక సంకేతం, ఆపైన దీర్ఘం వస్తే, ఆ సందేశాన్ని చూపించబోయిన యాప్ పడిపోయేది. తప్పు ఏ యాప్‌దీ కాదు, అక్షరాలను గీసే కోర్‌టెక్స్ట్ అనే అడుగు పొరది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది, కారణం మెమరీ చెడిపోవడమని రాసింది. అది వర్చువల్ మెషీన్ కాదు గానీ, పైవాళ్లందరినీ ఒకేసారి పడగొట్టగల అదే రకం అడుగు పొర. తెలుగు రాసేవాళ్లు విడుదలకు ముందు అలాంటి వరుసలతో పరీక్షించి ఉంటే అది అంత దూరం వచ్చేది కాదు.

వర్చువల్ మెషీన్ల లోపల తెలుగు వేరే దారిలో నడుస్తుందని చాలామందికి తెలియదు. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి స్ట్రింగులో ఇంగ్లీషు అక్షరాలే ఉంటే ఒక్కో అక్షరానికి ఒక బైటు, తెలుగు ఉంటే రెండు బైట్లు, ఇమోజీ ఉంటే నాలుగు. 2017లో వచ్చిన జావా 9లో కూడా లాటిన్ అక్షరాలే ఉన్న స్ట్రింగుకు ఒక దారి, మిగతావాటికి మరో దారి. వీ8 కూడా అంతే. వెతకడానికి, అతికించడానికి, కోయడానికి ఒక్కో దారికి వేర్వేరు కోడు ఉంటుంది. ఇంగ్లీషు మాటలతో మాత్రమే టెస్టు రాస్తే రెండో దారిలోకి అడుగే పడదు. అక్కడ బైట్లకూ అక్షరాలకూ మధ్య లెక్క తప్పితే బఫరు దాటి రాసేస్తుంది. అది వట్టి అక్షరదోషం కాదు, భద్రతా లోపం.

కాబట్టి స్ట్రింగులను ముట్టుకునే ఏ మార్పు చేసినా మూడు రకాల టెస్టులు పెట్టండి. ఒకటి ఇంగ్లీషు మాట, ఒకటి తెలుగు మాట, ఒకటి ఇమోజీ కలిసినది. తెలుగు మాటగా మన జిల్లా పేరే పెట్టుకోవచ్చు. పల్నాడు కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌లో ఏడు సంకేతాలు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. మూడు లెక్కలూ వేర్వేరు కావడంతో ఒకదాన్ని ఇంకోదానిగా పొరబడే కోడును ఈ మాట వెంటనే పట్టిస్తుంది. సున్న, అరసున్న, పొల్లు, వత్తు, జోడింపు నిరోధక సంకేతం ఉన్న మాటలు ఇంకా కలపండి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో వత్తు అక్షరాన్ని మొత్తంగా ఒకే గుంపుగా లెక్కించే నియమం తెచ్చింది. ఏ యంత్రం ఆ నియమాన్ని పాటిస్తోంది, ఏది ఇంకా పాతదానిలో ఉంది అన్నది కూర్చుని చూసే మనుషులు కావాలి.

తెలుగు చదవడం, సీ భాష చదవడం రెండూ వచ్చినవాళ్లు నరసరావుపేట కాలేజీల్లో ఉన్నారు. మీరు పంపే తదుపరి ప్యాచ్‌లో ఒక్క తెలుగు టెస్టు అయినా ఉండేలా చూడండి.